మచ్చుకత్తి వెంట: తిరుపతి నుంచి పలమనేరు దాకా

శుక్రవారం, చంద్రగిరి

తిరుపతి స్టేషన్లో దిగిన జనమంతా అలిపిరి వైపు పోతుంటే మేం ఎదురు దారిలో చంద్రగిరి బస్సెక్కాం. ఈసారి కొండెక్కే పని లేదు. కొండ చుట్టుపక్కల ఊళ్లలో ఇంకా చేత్తో పని చేస్తున్న ముసలివాళ్లను చూసి, వాళ్ల పక్కన కాసేపు కూర్చుని రావాలి, అంతే. దారి చూపించేది మా మామ. డెబ్బై దాటిన మనిషి. వయసులో ఉన్నప్పుడు భాకరాపేట వైపు వెదురు కూపుల్లో, అంటే అడవిలో వెదురు నరికే చోట్ల, పనిచేశాడు. అడవిలో వారాల తరబడి ఉండి, బియ్యం మూట, కత్తి, తాడు తప్ప ఇంకేమీ లేకుండా బతికాడు.

నేను సెలవుల్లో కొండలెక్కే రకం. నా వీపు సంచిలో హెడ్ ల్యాంపు, నీళ్లు వడగట్టే ఫిల్టరు, గ్యాస్ పొయ్యి ఉన్నాయి. మామ గుడ్డసంచిలో పంచె, తువ్వాలు, కిత్తనార తాడు చుట్ట, వక్కాకు పొట్లం, గోనెగుడ్డలో చుట్టిన మచ్చుకత్తి. బస్సులో కండక్టరు ఆ గోనెచుట్ట వైపు రెండుసార్లు చూశాడు గానీ ఏమీ అనలేదు.

చంద్రగిరి కోట గురించి పెద్దగా చెప్పను. పురావస్తు శాఖ మ్యూజియాలకు శుక్రవారం సెలవు, రాజమహల్‌ను బయటి నుంచే చూశాం. రాయి, ఇటుక, సున్నంతో కట్టిన ఈ మహల్లో కొయ్య వాడలేదు. మామ దృష్టంతా సున్నం మీదే. గుండ్రంగా తవ్విన రాతి కాలవలో సున్నం, ఇసుక పోసి, ఎద్దులతో రాతి చక్రం తిప్పించి రుబ్బిన గానుగ సున్నం గురించి చెప్పుకొచ్చాడు. కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు అందులో కలిపేవాళ్లట. "వారం రుబ్బినా చేతికి గరుకు తగిలితే వాడేవాళ్లు గాదు" అన్నాడు.

రాత్రి లాడ్జిలో కరెంటు పోయింది. నేను హెడ్ ల్యాంపు వెలిగిస్తే, మామకు మా తాత చెకుముకి సంచి గుర్తొచ్చింది. అరచేతిలో పట్టే తోలుసంచి. లోపల ఒక తెల్లరాయి, వంకర తిప్పిన ఉక్కుముక్క, వేలంత వెదురుగొట్టంలో కూరిన బూరుగు దూది. ఆ దూదిని ముందే సగం కాల్చి ఆర్పి ఉంచాలి, లేకుంటే నిప్పు అంటుకోదు. ఉక్కును రాతికి ఏటవాలుగా కొడితే సన్నటి ఉక్కు రజను లేచి గాలిలో మండుతుంది. మనకు కనిపించే రవ్వ అదే. రాయి కాలదు, ఉక్కే కాలుతుంది. అగ్గిపెట్టె చవకయ్యాక సంచి అటక ఎక్కింది, ఆ తర్వాత ఇల్లు మారినప్పుడు పోయింది. వానాకాలంలో తాత ఆ గొట్టాన్ని తలపాగాలో పెట్టుకునేవాడట. ఒళ్లంతా తడిసినా దూది తడవకూడదు గదా.

శనివారం, భాకరాపేట

కనుమ ఎక్కి దిగేసరికి తొమ్మిదైంది. భాకరాపేటకు కొంచెం ఇవతల చింతచెట్టు కింద రేకుల కొట్టం, అందులో కొలిమి. ఆచారికి అరవై పైనే ఉంటాయి. తోలుతిత్తి పోయి దాని చోట చేత్తో తిప్పే బ్లోయరు వచ్చింది. ఇనుమును పెట్టి కొట్టే దాకలి మాత్రం వాళ్ల నాయన నాటిదే. నడుమ గుంట పడి ఉంది, దాన్ని మార్చే ఆలోచన ఆయనకు లేదు. ఆ గుంటలోనే కత్తి వంపు సరిగ్గా కుదురుతుందట.

"మా అల్లుడికొక మచ్చుకత్తి కావాలి ఆచారీ" అన్నాడు మామ.

"యాడికి పోతాండాడు? అడవికా?" అని నా వైపు అనుమానంగా చూశాడు ఆయన.

ఆ అనుమానం ఊరికే వచ్చింది కాదు. ఎర్రచందనం సహజంగా పెరిగేది లోకంలో ఈ శేషాచలం, దాన్ని ఆనుకున్న తూర్పు కనుమల్లోనే. 1995 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం మీద, ముప్పున్న జీవజాతుల కోసం దేశాలు చేసుకున్న సైట్స్ ఒప్పందం కింద నియంత్రణ ఉంది. అయినా దొంగ నరుకుళ్లు ఆగలేదు. అందుకే ఈ చుట్టుపక్కల గొడ్డలి చేతబట్టుకుని తెలియని మనిషి నడిస్తే పది కళ్లు వెంటాడతాయి. "కొత్త మనిషి వచ్చి గొడ్డలి చెయ్యమంటే చెయ్యను. కొడవలి అంటే చేస్తా" అన్నాడు ఆచారి. మామ తెలిసిన మనిషి గనక నాకు మచ్చుకత్తి దక్కింది.

ఉక్కు ఎక్కడిదంటే లారీ కమాను పట్టా, చక్రాల పైన ఉండే స్ప్రింగు పట్టీ. బరువు మోసి మోసి విరిగినవాటిని మెకానిక్ షెడ్ల దగ్గర కిలోల లెక్కన కొంటాడు. వాటిలో కార్బన్ అర శాతం పైన ఉంటుంది, కత్తికి అది చాలు. ఇంటి కిటికీల చువ్వల్లాంటి మెత్తటి ఇనుముకు నీళ్లలో ముంచినా పదును నిలవదు. కొత్తగా తెచ్చిన ముక్క ఉక్కో, ఉత్త ఇనుమో తెలియకపోతే సాన చక్రానికి ఆనించి రవ్వలు చూస్తాడు. ఉక్కు రవ్వ కొసన చీలి పువ్వులా విచ్చుకుంటుంది, మెత్తటి ఇనుము రవ్వ పొడుగ్గా గీతలా పోతుంది.

బొగ్గులు తుమ్మవి. పట్టా కొసను కుంపట్లో దూర్చి బ్లోయరు తిప్పుతుంటే మొదట నల్లెరుపు, ఆపైన పండు మిరప రంగు, తర్వాత నారింజ రంగుకు వచ్చింది. నారింజ దాటగానే పట్టకారుతో లాగి దాకలి మీద పెట్టాడు. ఆయన సుత్తి, కొడుకు సమ్మెట. సుత్తి ఎక్కడ తాకితే అక్కడ సమ్మెట పడాలి. ఇద్దరి మధ్యా మాటల్లేవు, సుత్తి ఒకసారి ఉత్త దాకలి మీద టక్‌మంటే ఆపమని అర్థం. నల్లబడ్డాక కొట్టనివ్వడు, మళ్లీ కుంపట్లోకే. చల్లబడిన ఉక్కును కొడితే కంటికి కనబడని చీలిక పడుతుందని, అది ఎప్పుడో అడవిలో బయటపడుతుందని చెప్పాడు.

వంపు, ముక్కు, వెన్ను అన్నీ కుదిరేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పుడు పని ఆపేసి సంగటి తినడానికి ఇంటికి పోయాడు. తిరిగి వచ్చింది పొద్దు వాలాక. అసలు పని అప్పుడే మొదలైంది. పడమటి వైపు గోనెపట్టా దించి కొట్టమంతా మసక చేశాడు. వెలుతురులో ఉక్కు రంగు కనబడదు, పట్టపగలు నారింజ కూడా ఎరుపులాగే అనిపిస్తుంది.

"ఎంతసేపు కాల్చాల ఆచారన్నా?" అని అడిగా.

"సేపు లెక్క గాదు నాయనా, రంగు లెక్క."

నోటి అంచంతా ఒకే ఎరుపుకు వచ్చాక, అది 800 డిగ్రీల దరిదాపు, బయటికి లాగి అంచు ఒక్కటే అంగుళం మేర నీళ్లలో ముంచాడు. వెన్ను బయటే ఉంది, ఇంకా ఎర్రగానే. అలా ముంచిన అంచు గాజులా పెళుసు, అట్లాగే వదిలేస్తే మొదటి ఎముక్కే తునుగుతుంది. అందుకని వెంటనే ఒక సానరాతి ముక్కతో అంచు మీద మసి గీకాడు. తెల్లటి లోహం బయటపడింది. వెన్నులో మిగిలిన వేడి మెల్లగా అంచు వైపు పాకుతుంటే ఆ తెలుపు మీద రంగులు నడవడం మొదలైంది. ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ, ఆ వెనకే వంకాయ రంగు, దాని వెనక నీలం. గడ్డి రంగు దగ్గర ఆపితే మంగలి కత్తికి సరి. నీలం దాకా పోనిస్తే స్ప్రింగులా వంగుతుంది గానీ కత్తిగా పనికిరాదు. గోధుమ పోయి వంకాయ వస్తున్న చోట, అంటే 260, 270 డిగ్రీల మధ్య, ఆయన మొత్తం కత్తిని తొట్టిలోకి వదిలేశాడు. ఈ రంగుల నడకంతా నేను కళ్లార్పకుండా చూసినా, ఆయన చెయ్యి కదిలిన క్షణం మాత్రం నాకు ముందుగా అందలేదు. నేను ఎట్లా చేస్తారని అడగడానికి వచ్చాను. ఎప్పుడు ఆపాలన్నదే అసలు విద్య అని ఆ తొట్టి దగ్గర తట్టింది.

పిడికి తుమ్మకొయ్య వేశాడు. పాత రోజుల్లో గొడ్డలి కామలకూ బండి ఇరుసులకూ చిరుమానే వాడేవాళ్లు, ఎంత వంగినా విరగదు. ఇప్పుడు అది కొట్టడానికి లేదు. కత్తి ములుకును ఎర్రగా కాల్చి కొయ్యలో దించి, పగలకుండా ఇనుప పొన్ను తొడిగాడు.

ఒకప్పుడు కళ్లంలో గింజలు కొలిచేటప్పుడు కమ్మరికి, వడ్రంగికి, కుమ్మరికి మేర తీసిపెట్టేవాళ్లు. ఏడాది పొడుగునా నాగలి కర్రు సాగదీసినా, కొడవలికి కక్కు కొట్టినా రైతు చేతి నుంచి డబ్బు పడేది కాదు. ట్రాక్టరు వచ్చి కర్రు పోయింది, కర్రుతో పాటే మేర పోయింది. కొట్టం మూలన వెల్డింగ్ మిషను ఉంది. అది లేకుంటే కొలిమి ఎప్పుడో ఆరిపోయేదని కొడుకు అన్నాడు, తండ్రి వినకుండా.

ఆదివారం, తలకోన

నెరబైలు దాటాక అడవి దగ్గరపడింది. తలకోన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో భాగం. ఈ ఉద్యానవనం 1989లో వచ్చింది, 2010లో ఏర్పడిన శేషాచలం జీవావరణ రిజర్వులో ఇదీ భాగం. ఇక్కడ పుల్ల విరిచినా తప్పే. కత్తులు రెండూ ఊళ్లో తెలిసినవాళ్లింట్లో వదిలి వచ్చాం. ఒకప్పుడు ఇదే అడవిలో కత్తి లేకుండా అడుగు వేయని మామ చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తూ, గడ్డంతో చెట్లు చూపించాడు. రెండు వందల డెబ్బై అడుగుల జలపాతం దగ్గర జనం సెల్ఫీలు తీసుకుంటున్నారు. మామ అటు చూడను కూడా చూడలేదు.

ఆయనకు ఆసక్తి ఉన్నది మోదుగల మీద. అడవి అంచున మోదుగలు పూసి ఎర్రగా మండుతున్నాయి. పువ్వు వచ్చిందంటే ఆకు పోయినట్టే. విస్తరాకులు కుట్టాలంటే ఆకు ముదిరి, ఇంకా పండని కాలంలో కోసి, ఎండలో వాల్చి, దొంతర పెట్టి రాయి ఎత్తి ఉంచాలి. కావలసినప్పుడు నీళ్లు చిలకరిస్తే మళ్లీ మెత్తబడుతుంది. కూపులో ఉండగా వంటకు ఒకడు, విస్తర్లకు ఒకడు అని వంతులు వేసుకునేవాళ్లట. వెదురు పుల్లలతో కుట్టు, నాలుగు మడతల దొప్పలో పులుసు పోసినా కారకూడదు.

తర్వాత చిల్లచెట్టు. దాని గింజను మట్టికుండ లోపలి గోడకు అరగదీసి, అందులో బురదనీళ్లు పోసి కదలకుండా ఉంచితే మన్ను అడుగుకు దిగుతుంది. గింజలోని పదార్థం మన్ను రేణువులను ఒకదానికొకటి అంటుకునేలా చేస్తుంది, బరువెక్కి అవి కూర్చుంటాయి. మన్ను పోతుంది గానీ రోగాలన్నీ పోతాయని కాదు. ఆ సంగతి మామకూ తెలుసు. తేరిన నీళ్లను కాచుకునే తాగేవాళ్లమన్నాడు. నా ఫిల్టరు తీసి చూపిస్తే కొళాయికి మూతి పెట్టినట్టుందని నవ్వాడు.

మొసలి వీపులాంటి బెరడున్న చెట్టు దగ్గర నేనే ఆగాను. నల్లమద్ది. కొన్ని నల్లమద్దుల మాను మీద కణితిలా ఉబ్బు ఉంటుంది, అందులో నీళ్లుంటాయి. 2024 మార్చిలో పాపికొండల్లో అటవీ అధికారులు అక్కడి కొండరెడ్డి గిరిజనులు చెప్పిన మాట పట్టుకుని అలాంటి ఉబ్బును గాటు పెడితే నీళ్లు ధారగా కారాయి. వీడియో దేశమంతా తిరిగింది. "మీరు తాగారా మామా?" అంటే లేదన్నాడు. "ఇక్కడ ప్రతి కోనలోనూ ఊట ఉండె. చెట్టును కొట్టే కర్మ మాకేంది?" నాకు ఆ జవాబు బాగా నచ్చింది. విద్యలు అవసరాన్ని బట్టి పుడతాయి, లేని చోట వాటిని వెతకడం మనలాంటి వాళ్ల సరదా.

దాహం వేసినప్పుడు వాళ్లు చేసిందల్లా పశువుల బాటలు చూడడం. రెండు మూడు బాటలు కలిసి ఒకటై కిందికి పోతున్నాయంటే అటు నీళ్లు. విడిపోతూ పోతున్నాయంటే మేత వైపు. మోసుకుపోవడానికి సొరబుర్ర. తీగ మీదే ముదరనిచ్చిన సొరకాయకు మెడ దగ్గర చిల్లు పెట్టి, నీళ్లు నింపి గుజ్జు కుళ్లేదాకా ఉంచి, గులకరాళ్లు వేసి గిలకొట్టి కడుగుతారు. తర్వాత నీడన ఎండబెట్టాలి, ఎండలో పెడితే పగులుతుంది. రెండు బుర్రలు నడుముకు కట్టుకుంటే ఏరు దాటడానికీ అక్కరకొస్తాయి.

సోమవారం, స్వర్ణముఖి

పొద్దున తిరుపతికి తిరిగి వచ్చి శ్రీకాళహస్తి రోడ్డు పట్టాం. దారిలో ఒక ఊరి మొదట్లో వెదురు గంపలు అల్లుతున్న అవ్వ కనబడితే మామ బస్సు దిగిపోయాడు. నేనూ దిగక తప్పలేదు.

అవ్వ వెదురు బొంగును కాలి బొటనవేలి సందున ఇరికించి కత్తితో చీలుస్తోంది. ఆ కత్తికి పదును పెద్దగా లేదు. పదునుంటే నారకు అడ్డం తెగుతుంది. మొద్దుగా ఉంటేనే కత్తి నార వెంట దారి వెతుక్కుంటూ పోతుంది. చీలిక ఒక పక్కకు పల్చబడుతోందనుకుంటే మందం ఉన్న వైపు కాస్త వంచి లాగుతుంది, చీలిక మళ్లీ నడుముకు వస్తుంది. పైచెక్క బద్దలు గంప అంచుకు, లోపలి మెత్తటి బద్దలు చాటలకు.

"మూడేండ్ల బొంగే కొట్టాల. లేతది ముడుచుకుంటాది, ముదురుది ఇరుగుతాది" అంది. వయసెట్లా తెలుస్తుందంటే, కణుపుల దగ్గర పొర రాలిపోవాలి, పైనున్న తెల్లపొడి పోయి అక్కడక్కడా మచ్చలు పడాలి, కత్తి వెన్నుతో తట్టితే గట్టిగా మోగాలి. కొట్టేది అమావాస్యకు ముందు. శివరాత్రి పోయి వారమైంది, వెన్నెల పెరుగుతోంది, ఇప్పుడు కొట్టిన వెదురుకు పురుగు పడుతుందని ఆమె నమ్మకం. చంద్రుడి సంగతి ఎలా ఉన్నా, పుచ్చుపురుగు వచ్చేది వెదురులోని పిండిపదార్థం కోసం. కొట్టిన బొంగుల్ని చెరువులో ఊరబెడితే ఆ పిండి నీళ్లలోకి దిగిపోతుంది. అవ్వ అది కూడా చేస్తుంది. అడవి బయట పెంచిన వెదురును 2017 చట్ట సవరణ చెట్ల జాబితా నుంచి తీసేసింది కాబట్టి తోటల వెదురు కొనడానికి ఇప్పుడు ఇబ్బంది తక్కువ. ఇబ్బందల్లా ప్లాస్టిక్ గంపలతోనే.

మధ్యాహ్నం స్వర్ణముఖి ఇసుకలో దిగాం. పాకాల వైపు కొండల్లో పుట్టి, శ్రీకాళహస్తి గుడి పక్కగా పోయి సముద్రంలో కలిసే ఈ ఏరు మేం దిగిన చోట ఎండిపోయి ఉంది. మామకు పరిచయమున్న యానాది తాత అక్కడే దగ్గర్లో ఉంటాడు. చెలమ తవ్వి చూపించమంటే ముందు నవ్వాడు. "బోరు నీళ్లుండాయి గదా, ఎందుకు?" అన్నాడు. తర్వాత తుండుగుడ్డ నడుముకు బిగించి లేచాడు.

ఏరు మలుపు తిరిగే చోట వెలుపలి ఒడ్డు పక్కన, తుంగ పచ్చగా ఉన్న చోటు ఎంచుకున్నాడు. పొద్దున్నే వస్తే ఇసుక రంగులోనే తేడా తెలుస్తుందట, ఎండ పడ్డాక అంతా ఒకటే. పైన పొడి ఇసుక వెడల్పుగా తీయాలి, ఇరుకుగా తవ్వితే గోడలు జారి పూడిపోతాయి. మోచేతి లోతుకు తడి తగిలింది. ఇంకో జానెడు పోయాక అడుగున నీళ్లు ఊరాయి, మట్టిరంగులో. కొబ్బరిచిప్పతో ఆ మొదటి నీళ్లన్నీ తోడి అవతల పారబోశాడు. మళ్లీ ఊరినవీ పారబోశాడు. మూడోసారి ఊరనిచ్చి, బీడీ కాలేదాకా కదలకుండా కూర్చున్నాడు. అప్పుడు అడుగు ఇసుకరేణువులు కనబడేంత తేటగా ఉన్నాయి. తాగితే చల్లగా, కాస్త చప్పగా. ఏట్లో ఇసుక తోడేసిన చోట ఇది కుదరదని చూపించాడు. నీటిని పట్టి ఉంచే ఇసుకే లేకపోతే చెలమ ఏముంటుంది?

ఎలుకల సంగతి కూడా ఆయన దగ్గరే విన్నాను. పొలంలో ఎలుక కన్నానికి ఎప్పుడూ రెండు మూడు దారులుంటాయి. అన్నీ మట్టితో మూసి ఒక్కటే ఉంచాలి. అడుగున చిన్న చిల్లు పెట్టిన కుండలో గడ్డి కూరి నిప్పంటించి, కుండ మూతిని కన్నానికి ఆనించి, చిల్లులోంచి నోటితో ఊదాలి. పొగంతా లోపలికే. ఆ తర్వాత తవ్వితే ఎలుకలతో పాటు అవి దాచుకున్న వడ్లు కూడా దొరికేవి. రైతులు పిలిపించుకుని మరీ చేయించిన పని ఇది. ఏళ్ల తరబడి ఊదిన పొగ ఆయన దగ్గులో ఇప్పటికీ ఉంది. పాత విద్యలని మనం మురిసిపోయేటప్పుడు ఈ దగ్గును కూడా లెక్కలో వేసుకోవాలి.

సాయంత్రం శ్రీకాళహస్తిలో కలంకారీ పని కాసేపు చూశాం. కరక్కాయ, పాలు పట్టించిన బట్ట మీద వెదురు కలంతో నల్లగీతలు. ఆ నలుపు తుప్పుపట్టిన ఇనుము, బెల్లం కలిపి నీళ్లలో వారాల తరబడి పులియబెడితే వచ్చేది. మామ కుండ మూత తీసి వాసన చూసి "అయింది ఇది" అన్నాడు. ఆ పని చేసే ఆయన ఆశ్చర్యపోయాడు. కూపుల్లో ఉన్నప్పుడు బెల్లం ఊట వాసన ఆయనకు వేరే కారణంగా బాగా పరిచయం. ఆ కథ ఇక్కడ రాయను.

మంగళవారం, పుత్తూరు

ఎముక విరిగితే వేసే పుత్తూరు కట్టు పేరు తమిళనాడు దాకా తెలుసు. ఒక వేటగాడు అడవిలో కొట్టిన కుందేలును ఏదో ఆకులో చుట్టి తెస్తే, దాని విరిగిన ఎముకలు అతుక్కున్నాయని, ఆ ఆకే ఈ కట్టుకు మూలమని కథ చెబుతారు. కథను పక్కనపెట్టి కట్టు చూస్తే, ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురు బద్దలు. తెల్లసొన ఆరితే గుడ్డ బిగుసుకుంటుంది, బద్దలు ఎముకను కదలనివ్వవు. నిన్నటి అవ్వ చేతి చీలిక గుర్తొచ్చింది. ఒకే మందంగా చీల్చిన బద్ద కాకపోతే కట్టు ఒక పక్క నొక్కుతుంది. జనం ఎక్స్‌రే కవర్లు పట్టుకుని వరుసలో ఉన్నారు. రద్దీ చూసి మేం ఎక్కువసేపు ఉండలేదు. కార్వేటినగరం మీదుగా చిత్తూరు చేరేసరికి చీకటి పడింది.

బుధవారం, చిత్తూరు

చిత్తూరంటే తోతాపురి మామిడి, బెల్లం. మామిడికి ఇంకా రోజులున్నాయి. ఊరి బయట చెరకు తోటల మధ్య బెల్లం వండుతున్న చోటుకు మామ పాత స్నేహితుడు తీసుకెళ్లాడు. గానుగ ఇప్పుడు మోటారుది. పొయ్యిలోకి ఎండిన చెరకు పిప్పి. పెద్ద పెనంలో రసం మరుగుతుంటే కొంచెం సున్నం నీళ్లు వేశారు, బెండకాడలు నలిపిన జిగురునీళ్లు పోశారు. మడ్డి పైకి తేలితే జల్లెడ గరిటెతో తీసి పారేయడం. ఇదంతా ఎవరైనా చేయగలరు.

చేయలేనిది చివరి పావుగంట. పెనం దగ్గర నిలబడిన ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. నురగ చిన్నదై, బుడగలు బరువుగా పగులుతున్నప్పుడు తెడ్డుతో కొంచెం పాకం తీసి నీళ్ల గిన్నెలో వేశాడు. చేత్తో పట్టుకుంటే జారింది. మళ్లీ వేశాడు, మెత్తగా ఉండ కట్టింది. మూడోసారి ఆ ఉండను గిన్నె అంచుకు కొట్టి చప్పుడు విన్నాడు. "దించండ్రా" అనగానే నలుగురూ పరిగెత్తారు. ఒక్క నిమిషం ముందయితే బెల్లం జావగా ఉండి నిలవుండదు. ఆలస్యమైతే మాడు రంగు, చేదు. నేను సంచిలోంచి వంట థర్మామీటరు తీయబోతే మామ చెయ్యి పట్టుకుని ఆపాడు. తర్వాత తీరిగ్గా ఆయన్నే అడిగాను, డిగ్రీలు తెలిస్తే సులువు కదా అని. చెరకు కోసి ఎన్నాళ్లయింది, ఏ నేల చెరకు, ఆ రోజు మబ్బా ఎండా అన్నదాన్ని బట్టి అది మారుతుందన్నాడు. వేడి వేడి బెల్లం అరటాకులో పెట్టిచ్చారు. దానికి సాటి ఏదీ లేదు, పోలిక వెతకడం కూడా అనవసరం.

గురువారం, పలమనేరు

పలమనేరు వైపు కౌండిన్య అభయారణ్యం ఉంది. 1980ల్లో కర్ణాటక, తమిళనాడు అడవుల నుంచి ఏనుగులు ఇటు వచ్చి స్థిరపడ్డాయి, 1990లో దీన్ని అభయారణ్యం చేశారు. పొలాల్లో మంచెలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఒకప్పుడు మంచె మీద కూర్చుని వడిసెలలో రాయి పెట్టి తిప్పి వదిలితే పిట్టలు లేచిపోయేవి. ఏనుగుకు వడిసెల ఏం ఆనుతుంది? డప్పులు, టపాసులు, ఈ మధ్య కర్ణాటక నుంచి వచ్చిన కుంకీలు, అంటే అడవి ఏనుగుల్ని తరమడానికి మచ్చిక చేసిన ఏనుగులు.

మేం వెతికింది గొంగడి నేసే కురబ పెద్దాయన్ని. ఇంటి వసారాలో గుంట మగ్గం. ఉన్ని నూలుకు చింతగింజల గంజి పట్టిస్తున్నాడు. గింజల్ని వేయించి పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి కాచిన గంజి అది. నూలుకు బిగువు వస్తుంది, నేసిన గొంగడి వానకు తొందరగా తడవదు. గొర్రెల కాపరికి గొంగడి పగలు గొడుగు, రాత్రి పడక, చలికి గోడ. తల మీద గొప్పిగా మడిచి వేసుకోవడం చూపించాడు. ఒక మూల లోపలికి దోపి, మడత నుదుటి మీదికి వచ్చేలా వేస్తే, ఎదురుగాలి వానలోనూ చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి. ఒక చేతిలో దోటి, ఇంకో చేతిలో ఈనిన గొర్రెపిల్ల పట్టుకోవాల్సిన మనిషికి అది ఎంత అవసరమో నా రెయిన్‌కోటు కుట్టినవాడికి తెలియదు.

కానీ ఉన్నే లేదు. మాంసానికి ధర పెరిగాక మందల్లోకి నెల్లూరు జాతి గొర్రెలు వచ్చాయి. పొడుగ్గా, త్వరగా పెరుగుతాయి, ఒంటి మీద ఉండేది వెంట్రుకే, ఉన్ని కాదు. నల్ల ఉన్ని గొర్రెలు ఎవరి దగ్గరో అక్కడక్కడా పది పదిహేను ఉంటే, కత్తిరించే రోజున ఈయనే పోయి తెచ్చుకుంటాడు. మగ్గం ఉంది, చెయ్యి ఉంది, మారింది గొర్రె.

నాకొకటి నేసివ్వమని అడిగాను. ఎండలు ముదిరాక, వానలకు ముందు ఉన్ని కత్తిరిస్తారు, అప్పుడు మొదలుపెడతా అన్నాడు. అడ్వాన్సు ఇవ్వబోతే మామ అడ్డొచ్చాడు.

"కొలత తేల్చుకోనీ. ఎన్ని మూరలు?"

పెద్దాయన చెప్పాడు.

"ఎవరి మూర?" అన్నాడు మామ, తన చెయ్యి చాపుతూ. పొడుగు మనిషి, ఆయన మూర మామూలు మూర కాదు.

"నేసేవోడి మూర. ఇంకెవురిది?" అని పెద్దాయన తన పొట్టి చెయ్యి పక్కన ఆనించాడు. నాలుగు వేళ్ల తేడా వచ్చింది. ఇద్దరూ ఆ నాలుగు వేళ్ల మీద టీలు వచ్చేదాకా వాదించుకుని, ధర తగ్గించకుండా ఒక మూర కలిపి ఇచ్చేలా ఒప్పుకున్నారు. ఆ అదనపు మూరకు కావలసిన ఉన్ని ఎక్కడి నుంచి తేవాలో, ఏ ఊళ్లో ఎవరి దగ్గర ఎన్ని నల్లగొర్రెలున్నాయో లెక్క వేసుకుంటూ పెద్దాయన మళ్లీ గుంటలోకి దిగాడు. మేం చిత్తూరు బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చాం.